పియోమాస్ పేజీ: ఆర్కిటిక్ మంచుకి టీఎంసీల లెక్క

అశోక్‌నగర్‌లో గ్రూప్స్ రాసేవాళ్లకు జాగ్రఫీ చెప్పే పని నాది, ఆర్కిటిక్ మంచు మీద ప్రశ్నలు తప్పవు. అందుకోసం నేను ఎక్కువగా తెరిచేది వాషింగ్టన్ యూనివర్సిటీలోని పోలార్ సైన్స్ సెంటర్ వాళ్ల పియోమాస్ పేజీ, అంటే ఆర్కిటిక్ సముద్రపు మంచు మొత్తం ఎంతుందో లెక్కగట్టి చూపించే వెబ్ పేజీ. ఫ్రీ. లాగిన్ గొడవ లేదు. అందచందాలూ ఏమీ లేవు, రీసెర్చ్ వాళ్లు తమ కోసం పెట్టుకున్నట్టు ఉంటుంది, అయినా ఈ విషయం మీద ఇంత పనికొచ్చేది నాకు ఇంకోటి తగల్లేదు.

పేపర్లలో వచ్చేదంతా విస్తీర్ణమే. ఆ పద్ధతిలో సముద్రాన్ని గడులుగా విడగొడతారు, ఒక గడిలో 15 శాతం మంచు ఉంటే చాలు, గడి మొత్తం మంచు కిందే జమ. అది మూడు నాలుగు మీటర్ల పాత మంచా, నిన్నగాక మొన్న గడ్డకట్టిన పల్చటి పొరా అన్నది దానికి పట్టదు. హిమాయత్ సాగర్ గట్టు మీద నిలబడి నీళ్ల వెడల్పు చూసి ఇన్ని టీఎంసీలున్నాయని ఎవరైనా అంటే నమ్ముతామా? పియోమాస్ చూపించేది మందం కూడా కలిపిన ఘనపరిమాణం, అదీ 1979 నుంచి. విస్తీర్ణంలో అయితే 1979 సెప్టెంబరు కనిష్ఠం దాదాపు 70 లక్షల చదరపు కిలోమీటర్లు, 2012లో 34 లక్షలు, అంటే సగం పోయిందనుకుంటాం. ఘనపరిమాణం చూస్తే అదే కాలంలో దాదాపు 17 వేల ఘన కిలోమీటర్ల నుంచి 4 వేల లోపుకి పడింది, పావు వంతు కూడా మిగల్లేదు. మన లెక్కలో పోయింది నాలుగున్నర లక్షల టీఎంసీల పైమాటే!

అయితే ఇది కొలత కాదు, మోడల్. గాలులు, శాటిలైట్లు చూసిన మంచు, సముద్ర ఉపరితల ఉష్ణోగ్రత ఎక్కించి మందాన్ని లెక్కగడతారు. మోడల్ అనగానే కొట్టిపారేసేవాళ్లున్నారు, కానీ నేరుగా కొలవడం మాత్రం తేలికా? 2010లో వెళ్లిన క్రయోశాట్-2 శాటిలైట్, మంచు నీటిపైకి తేలిన కాస్త ఎత్తును రాడార్‌తో పట్టుకుని మొత్తం మందం తీస్తుంది. ఆ మంచు పైన పడిన హిమం (స్నో) ఎంతో సరిగ్గా తెలియకపోతే లెక్క తప్పుతుంది, వేసవిలో మంచు మీద కట్టిన నీటి మడుగులు రాడార్‌ని తికమక పెడతాయి. (ఆ హిమం లోతు తేల్చడానికి 2013లో మన శ్రీహరికోట నుంచి వెళ్లిన సరళ్ శాటిలైట్ డేటా కూడా వాడారు, ఈ ముక్క చెప్తే వెనక బెంచీలో కునికేవాళ్లు కూడా లేస్తారు.) సబ్‌మెరైన్లు కింద నుంచి సోనార్‌తో కొలిచినవీ శాటిలైట్లవీ కలిపి చూస్తే, ఆర్కిటిక్ నడిమి భాగంలో 1980లో 3.64 మీటర్లున్న శీతాకాలపు సగటు మందం 2008కి 1.89కి దిగింది. అంటే మోడల్ ఊరికే భయపెట్టడం లేదు.

ఇలాంటి అంకెలకే రంగులు పూసి నెలనెలా డబ్బులు అడిగే యాప్ ఒకటి కూడా వాడి చూశా, పేరెందుకులే. అది మోడలా కొలతా అన్న మాటే లేదందులో. పియోమాస్‌లో డేటా ఫైళ్లతో పాటు లెక్క ఎంత అటూఇటూ కావచ్చో కూడా రాసి పెట్టారు. కొత్త అంకెలు నెలకోసారి వస్తాయి కాబట్టి రోజూ చూసి టెన్షన్ పడేవాళ్లకు నచ్చకపోవచ్చు.

5కి 4 ఇస్తా. ఉన్నది ఉత్తరం వైపు లెక్కే, అంటార్కిటికా సముద్రపు మంచు కావాలంటే వేరేచోట వెతుక్కోవాలి, ఆ ఒక్కటీ అందుకే కోశా.