వెల్లుల్లి, శిలువ, కొయ్యమేకు లేని ‘ట్విలైట్’

స్టెఫెనీ మేయర్ 2005లో వెలువరించిన నవల ఆధారంగా కేథరిన్ హార్డ్‌విక్ తీసిన ‘ట్విలైట్’ 2008లో విడుదలైనప్పటి నుంచీ దాని మీద వినవస్తున్న ఎగతాళి ఒక్కటే: ఎండలో బూడిద కావలసిన రక్తపిశాచి వజ్రంలా తళతళలాడటమేమిటని. ఈ ఎగతాళి గురి తప్పింది. ఎండ తగిలితే రక్తపిశాచి నశిస్తుందన్న నియమం అనాదిగా వస్తున్నదేమీ కాదు. బ్రామ్ స్టోకర్ 1897లో ప్రచురించిన నవలలో డ్రాక్యులా పట్టపగలే లండన్ వీధిలో కనిపిస్తాడు. పగటిపూట అతడి శక్తులు సన్నగిల్లుతాయే తప్ప ప్రాణానికి ముప్పు రాదు. ఎండకు పిశాచి అంతరించడమన్నది 1922 నాటి జర్మన్ మూకీ చిత్రం ‘నోస్ఫెరాటు’ నుంచి స్థిరపడిన ఆనవాయితీ. కోరల సంగతీ అంతే. 1931లో బేలా లుగోసి నటించిన ‘డ్రాక్యులా’లో అతడికి కోరలు కనిపించవు. కాబట్టి ఈ సినిమాలోని పిశాచి నాయకుడు ఎడ్వర్డ్ కలెన్‌కు కోరలు లేవనీ, చర్మం మెరుస్తుందనీ వంక పెడుతూ కూర్చుంటే ఈ సినిమా సంప్రదాయం నుంచి నిజంగా ఎక్కడ పక్కకు జరిగిందో కనిపించకుండా పోతుంది.

పాత కథల్లోని నియమాలను ఒకచోట చేర్చి చూస్తే వాటిలో చాలావరకు మనిషి చేతికి అందే ఆయుధాలేనని తెలుస్తుంది. శిలువను చూపితే పిశాచి వెనక్కి తగ్గుతుంది. వెల్లుల్లి కట్టిన కిటికీలోంచి రాలేదు. ఇంటివారు పిలవనిదే గడప దాటలేదు. అద్దంలో ప్రతిబింబం పడదు కనుక ఎంత మర్యాదస్తుడి వేషంలో వచ్చినా పట్టుబడుతుంది. పగలు పెట్టెలో కదలక పడి ఉంటుంది కనుక ఆ వేళ గుండెలో కొయ్యమేకు దిగగొట్టవచ్చు. దారిలో గింజలు చల్లితే వాటిని లెక్కపెడుతూ తెల్లవారేదాకా అక్కడే ఉండిపోతుందన్న నమ్మకం కూడా ఉండేది. తెలివీ తెగువా ఉన్న సామాన్యుడు ఇంట్లో దొరికే వస్తువులతోనే ఎంతటి పిశాచినైనా నిలువరించగలడన్న భరోసా వీటన్నిటిలోనూ ఉంది. ట్విలైట్ ఆ భరోసాను పూర్తిగా తీసివేసింది. ఇందులోని పిశాచులు అసలు నిద్రే పోరు. శిలువకూ వెల్లుల్లికీ కథలో ఏ పాత్రా లేదు. వారిని చంపాలంటే ఒళ్లు ముక్కలు చేసి కాల్చాలి, ఈ మొదటి భాగంలో ఆ పని చేయగల బలం సాటి పిశాచులకే ఉంది. ఇక ఎడ్వర్డ్‌ను ప్రేమించే బెల్లా స్వాన్ అనే పదిహేడేళ్ల అమ్మాయికి మిగిలిన ఏకైక రక్షణ అతడి నిగ్రహం. పిశాచిని ఎలా ఆపాలన్న పాత ప్రశ్న పోయి, అతడు తనను తాను ఆపుకోగలడా అన్న కొత్త ప్రశ్న వచ్చింది.

ఈ మార్పు సినిమాకు కొన్నిచోట్ల మేలే చేసింది. బెల్లా మొదటిసారి జీవశాస్త్రం తరగతిలోకి వస్తున్నప్పుడు ఫ్యాను గాలి ఆమె వాసనను ఎడ్వర్డ్ వైపు తోయగానే అతడు ముక్కూ నోరూ మూసుకుని, వాంతి ఆపుకుంటున్నవాడిలా బిగుసుకుపోతాడు. అతడి వెనుక బల్ల మీద ఉన్న తెల్ల గుడ్లగూబ బొమ్మ రెక్కలు అతడి భుజాలకే మొలిచినట్టు కనిపించేలా దర్శకురాలు ఆ ఫ్రేమును కూర్చారు. దేవదూతా, హంతకుడా అన్న సందేహాన్ని ఒక్క మాటైనా లేకుండా చెప్పిన ఈ దృశ్యం సినిమా మొత్తంలో ఉత్తమమైనది. రాబర్ట్ ప్యాటిన్సన్ నటనలోని ఇబ్బందికరమైన బిగువును చాలామంది లోపంగా లెక్కించారు గానీ, ఎదుట కూర్చున్న మనిషిని ప్రేమించాలో తాగేయాలో తేల్చుకోలేనివాడు అంతకంటే సహజంగా ఎలా ఉండగలడు?

అయితే నిగ్రహం లేని పిశాచి ఎదురైనప్పుడు ఇదే మార్పు కథను కుంటుపరుస్తుంది. బెల్లా తండ్రి చార్లీ, కథ జరిగే ఫోర్క్స్ అనే ఊరి పోలీసు అధికారి. కూతురిని తీసుకువెళ్లడానికి ఎడ్వర్డ్ వస్తున్నాడని తెలిసి అతడు తుపాకీ బిగిస్తాడు. అది కేవలం నవ్వించడానికే, ఎందుకంటే ఆ తుపాకీ ఎడ్వర్డ్‌ను ఏమీ చేయలేదని మనకు అప్పటికే తెలుసు. కూతురి భద్రత కోసం అతడు ఇచ్చే పెప్పర్ స్ప్రేను బెల్లా చివరి ఘట్టంలో జేమ్స్ అనే వేటగాడు పిశాచి మీద నిజంగానే ప్రయోగిస్తుంది. సినిమా మొత్తంలో ఒక మనిషి పిశాచి మీద ఎత్తిన ఆయుధం దాదాపుగా అదొక్కటే, అది ఆమెకు సంపాదించి పెట్టేది కొన్ని క్షణాలు మాత్రమే. ఆ తర్వాత ఆమె కాలు విరిగి నేల మీద పడి ఉండటం, ఎడ్వర్డ్, అతడి పిశాచి కుటుంబమైన కలెన్‌లు వచ్చి పని ముగించడం తప్ప కథకు మరో దారి లేదు. స్టోకర్ నవలలో మీనా డైరీలనూ ఉత్తరాలనూ టైపు చేసి వరుసలో పెట్టి, డ్రాక్యులాను వేటాడేవారి దగ్గర అతడి జాడలన్నీ ఒకచోట ఉండేలా చేస్తుంది. ఆమె పాత కాలపు నాయికే అయినా కథలో ఆమెకొక పని ఉంది. బెల్లా చేయగలిగింది, ఇంటర్‌నెట్‌లో వెతికి ఎడ్వర్డ్ ఎవరో కనుక్కోవడంతోనే అయిపోతుంది. ఇందులో మరో విడ్డూరం ఉంది. ఈ ఘట్టం ఫీనిక్స్‌లోని బ్యాలే శిక్షణశాలలో, గోడల నిండా ఉన్న అద్దాల మధ్య జరుగుతుంది. పాత నియమం అమలులో ఉంటే బెల్లా భయం ఒక్కటే అద్దాల్లో కనిపించి, ఆమె మీదికి వస్తున్నవాడు కనిపించకపోయేవాడు. అంతటి అవకాశాన్ని చేతిలో పెట్టుకుని, ఈ చిత్రం ఆ అద్దాలను జేమ్స్ బొమ్మను పదింతలు చేయడానికి వాడుకుంది.

గడప నియమాన్ని వదిలేయడం వల్ల కలిగిన నష్టం ఇంతకంటే పెద్దది. ఎడ్వర్డ్ రాత్రివేళ బెల్లా గదిలోకి ఆమెకు తెలియకుండా వచ్చి, ఆమె నిద్రపోతుంటే చూస్తూ నిలబడతాడు. చాలాకాలంగా ఇలా వస్తున్నానని తర్వాత తానే చెబుతాడు, ఆమె దాన్ని ప్రేమగానే స్వీకరిస్తుంది. పిలవనిదే లోపలికి రాలేకపోవడమన్న కట్టడి ఉండి ఉంటే, ఆ పిలుపే ఈ ప్రేమకథలో ముఖ్యమైన మలుపు అయ్యేది. ప్రమాదమని తెలిసి కూడా కిటికీ తెరవాలా వద్దా అన్న నిర్ణయం బెల్లా చేతిలో ఉండేది. ఇది ఊహ కాదు. అదే 2008లో వచ్చిన స్వీడిష్ చిత్రం ‘లెట్ ద రైట్ వన్ ఇన్’ సరిగ్గా ఈ నియమాన్నే తీసుకుని, పిలుపు లేకుండా గడప దాటిన పిశాచి ఒంటినిండా నెత్తురు కారేలా చూపించి, ఇద్దరు పిల్లల మధ్య నమ్మకం పుట్టే ఘడియను చిత్రించింది. పాత నియమాలు ప్రేమకథకు అడ్డు కావని, పైగా ఆసరా కాగలవని ఆ ఒక్క దృశ్యమే రుజువు.

జంతువుల రక్తంతో సరిపెట్టుకునే మంచి పిశాచులు మాత్రం ట్విలైట్ సొత్తు కాదు. యాన్ రైస్ 1976 నవలలో లూయీ అనే పిశాచి కూడా మనుషులను చంపలేక ఎలుకల రక్తం తాగుతాడు. ఇందులో కొత్తదనం ఆ ఆహార నియమాన్ని ఒక కుటుంబ ఆచారంగా మలచడంలో ఉంది, హాస్యం కూడా అక్కడే పండింది: ఏళ్ల తరబడి ఎన్నో హైస్కూళ్లలో చదివి పోగుచేసిన పట్టభద్రుల టోపీలను గోడకు వరుసగా తగిలించడం, ఏనాడూ పొయ్యి వెలిగించని వంటింట్లో బెల్లా కోసం అందరూ కలిసి వంటకు దిగడం వంటివి చూస్తే వీరిని తలచుకుని భయపడటం కష్టం.

నాకు అన్నిటికంటే ఆసక్తికరంగా తోచిన మార్పును సినిమా పెద్దగా పట్టించుకోకుండా దాటేసింది. తూర్పు ఐరోపా గ్రామాల నమ్మకాల్లోని పిశాచి పాలిపోయిన అందగాడు కాదు. ఉబ్బి, ఎర్రబారి, నోటి చుట్టూ నెత్తుటి మరకలతో సమాధిలో కనిపించిన శవం. ఊళ్లో వరుసగా చావులు సంభవించినప్పుడు, ముందుగా పోయినవాడే మిగిలినవారిని తీసుకుపోతున్నాడని భావించి సమాధులు తవ్వేవారు. సెర్బియాలోని ఒక గ్రామంలో అలా తవ్వించి చూసి ఆస్ట్రియా సైనిక వైద్యులు 1732లో రాసిన నివేదిక ఐరోపా అంతటా సంచలనమైంది. ఆ నమ్మకాల్లో పిశాచి అంటే అంటువ్యాధికి పెట్టిన ముఖం. ట్విలైట్‌లో సరిగ్గా దీనికి విరుద్ధంగా, 1918లో స్పానిష్ ఫ్లూతో చనిపోబోతున్న ఎడ్వర్డ్‌ను ఒక వైద్యుడు పిశాచిగా మార్చి బతికిస్తాడు. జబ్బుకు కారణమైనదే ఇక్కడ మందైంది. కార్లైల్ అనే ఆ వైద్యుడు ఇప్పటికీ ఫోర్క్స్ ఆసుపత్రిలో రోగులను చూస్తూ, నెత్తుటి మధ్యనే పనిచేస్తున్నాడు. అతడి కథే ఒక సినిమాకు సరిపోయేది గానీ, ఇక్కడ అతడికి దక్కింది కొన్ని సన్నివేశాలే.

సాంకేతికంగా చూస్తే, ఎప్పుడూ ముసురు పట్టినట్టుండే వాషింగ్టన్ రాష్ట్రపు అడవులను నీలి ఛాయలో చూపిన ఛాయాగ్రహణం, కార్టర్ బర్వెల్ పియానో బాణీ చిత్రానికి బలం. పరుగులు, చెట్లెక్కడాలు తీగలతో లాగినట్టే ఉన్నాయి. చర్మం మెరిసే దృశ్యం ఆలోచనగా కాదు, గ్రాఫిక్స్‌గా తేలిపోయింది.

చివర పాఠశాల నృత్యోత్సవంలో తనను పిశాచిగా మార్చమని బెల్లా అడుగుతుంది. డ్రాక్యులా కాటుకు గురైన స్టోకర్ మీనా తన నుదుట మచ్చ పడినప్పుడు తాను అపవిత్రనయ్యానని విలపిస్తుంది. బెల్లా అదే స్థితిని వరంగా కోరుకుంటుంది. ఎడ్వర్డ్ మెడ మీద ముద్దుతో సరిపెట్టి నిరాకరిస్తాడు. కానీ ఈ పిశాచుల బతుకులో ముసలితనం లేదు, నిద్ర లేదు, ఎండకు చావు లేదు, చదువుకోవడానికీ పాడుకోవడానికీ అంతులేని కాలం ఉంది, తోడుగా ప్రేమించే కుటుంబం ఉంది. ఆ బతుకులోని కష్టాన్ని రెండు గంటల పాటు తీసేస్తూ వచ్చిన చిత్రం, ఆమె ఎందుకు వద్దనుకోవాలో చెప్పవలసిన చోట ఎడ్వర్డ్ నోటికి ఒక్క గట్టి కారణమైనా అందించలేకపోయింది.