మార్కా, లీరానా: ఎవరికి ఏది మేలు?

యూరోకు ముందున్న జర్మనీ మార్కునూ ఇటలీ లీరానూ పక్కపక్కన పెడితే మొదట కళ్లకు తగిలేవి సున్నాలే. 1999లో మారకం రేట్లు ఖాయమైనప్పుడు ఒక యూరోకు 1.95583 మార్కులు, లీరాలైతే 1936.27. అంటే మార్కుకు దాదాపు 990 లీరాలు. 1970లో అదే మార్కు 171 లీరాలకే వచ్చేది.

అలాగని మార్కు డబ్బు దాచుకునేవాళ్లను మొదటినుంచీ కాపాడిందేమీ కాదు. 1948 జూన్ 20న పశ్చిమ జర్మనీ ప్రాంతాల్లో అది వచ్చినప్పుడు మనిషికి 40 కొత్త మార్కులు, తర్వాత ఇంకో 20 ఇచ్చారు. బ్యాంకులో ఉన్న 100 పాత రైఖ్స్‌మార్కులకు చివరికి దక్కినవి ఆరున్నర. పొలమో షేర్లో ఉన్నవాడికి అప్పటికి పెద్దగా ఏమీ కాలేదు, పాస్‌బుక్‌ను నమ్ముకున్నవాడు మునిగాడు. 1923లో ధరలు ఆకాశానికంటి డబ్బు చిత్తుకాగితమవడం చూసిన తరం రెండోసారీ నష్టపోయింది. ధరలు పెరుగుతున్నాయంటే జర్మన్లకు అంత టెన్షన్ ఎందుకో అర్థమవుతుంది. 1957లో కేంద్ర బ్యాంకుగా బుండెస్‌బ్యాంక్‌ను పెట్టినప్పుడు ప్రభుత్వం దానికి ఆదేశాలివ్వకూడదని చట్టంలోనే రాసుకున్నారు.

ఇటలీలో దీనికి తలకిందులు. ప్రభుత్వ బాండ్లు అమ్ముడుపోకపోతే మిగిలినవి కేంద్ర బ్యాంకు కొనే పద్ధతి 1981 దాకా నడిచింది. 1980లో ధరలు ఒక్క ఏడాదిలో 20 శాతానికి పైగా పెరిగాయి. జీతాలు ధరలతోపాటు వాటంతటవే పెరిగే ఏర్పాటు ఉండటంతో ఉద్యోగి కొంత తట్టుకున్నాడు. ఆ పెంపు మళ్లీ ధరల మీదే పడేది. 1970లలో చిల్లర నాణేలు దొరక్క దుకాణదారులు చాక్లెట్లు, టెలిఫోన్ టోకెన్లు చేతిలో పెట్టేవారు. బ్యాంకులైతే చిన్న మొత్తాల చెక్కులు ముద్రించి వదిలాయి. చిల్లరకు చాక్లెట్ మనకూ కొత్త కాదు గానీ, బ్యాంకులే అందుకు దిగడం విడ్డూరం.

మరి లీరా వల్ల లాభపడింది ఎవరు? సరుకు విదేశాలకు అమ్మేవాడు. 1992 సెప్టెంబరులో, కరెన్సీల రేట్లను ఒక హద్దులో ఉంచే ఐరోపా మారకం వ్యవస్థ నుంచి బయటపడి లీరా విలువ జారిపోగానే ఇటలీ ఎగుమతులు ఊపందుకున్నాయి, 1993కల్లా వాణిజ్యం మిగులులోకి వచ్చింది. కానీ అదే 1992 జులైలో ప్రభుత్వం రాత్రికి రాత్రి బ్యాంకు డిపాజిట్లలో వెయ్యికి ఆరు చొప్పున కోసుకుంది. దాచుకున్నవాడికి మళ్లీ దెబ్బే.

గట్టి కరెన్సీ కూడా అందరికీ మంచిది కాదని చెప్పేది తూర్పు జర్మనీ. 1990 జులై 1న అక్కడి తూర్పు మార్కుల జీతాలను ఒకటికి ఒకటి చొప్పున పశ్చిమ మార్కుల్లోకి మార్చారు. బుండెస్‌బ్యాంక్ అధ్యక్షుడు కార్ల్ ఒట్టో పోల్‌కు ఇది నచ్చలేదు. జనం సంబరపడ్డారు, ఆ జీతాలు ఇవ్వలేక ఫ్యాక్టరీలు మూతపడ్డాయి. వాటికి లీరాలాంటి, కిందికి దిగగలిగే డబ్బు ఉండి ఉంటే కొంత ఊపిరి ఆడేది.

అయినా నెలజీతంలో కొంత దాచుకునే మనిషిగా నన్నడిగితే మార్కే మేలంటాను. బీరువాలో మిగిలిపోయిన మార్కు నోట్లను బుండెస్‌బ్యాంక్ ఇప్పటికీ గడువు లేకుండా యూరోలుగా మార్చి ఇస్తోంది. లీరాకు 2012 ఫిబ్రవరి దాకా గడువుండగా, ఇటలీ ప్రభుత్వం 2011 డిసెంబరులోనే ఉన్నపళంగా ఆపేసింది. అది చెల్లదని 2015లో రాజ్యాంగ న్యాయస్థానం తేల్చింది.