కాంతి ఉత్ప్రేరణకు కార్బన్ నైట్రైడా, కార్బన్ డాట్సా: ఏది మేలు?

రుథీనియం, ఇరిడియం లోహ సంక్లిష్టాలను పక్కనపెట్టి కార్బన్ ఆధారిత నానో పదార్థాలతో కాంతి ఉత్ప్రేరణ (కాంతి సాయంతో రసాయన చర్యను నడిపించడం) మొదలుపెట్టాలనుకునే పరిశోధక విద్యార్థులు నన్ను పదేపదే అడిగే ప్రశ్న ఇది. బెంజైల్ ఎమీన్‌ను ఆక్సిజన్ సమక్షంలో ఇమీన్‌గా మార్చే పని కోసం ఈ మధ్య నేనూ ఈ రెండింటిలో ఒకదాన్ని ఎంచుకోవలసి వచ్చింది. అతిచిన్న కార్బన్ కణాలైన డాట్స్‌ను కాదని, కార్బన్, నైట్రోజన్ పొరల పొడి అయిన గ్రాఫిటిక్ కార్బన్ నైట్రైడ్ వైపు నేను మొగ్గాను.

చవకదనం ఇక్కడ తేల్చే అంశం కాదు, రెండూ చవకగానే తయారవుతాయి. మెలమైన్‌ను మూతపెట్టిన క్రూసిబుల్‌లో 550 డిగ్రీల సెల్సియస్ దగ్గర కొన్ని గంటలు కాలిస్తే పసుపుపచ్చని కార్బన్ నైట్రైడ్ వస్తుంది. సిట్రిక్ ఆమ్లాన్ని, ఇథిలీన్ డయమీన్‌ను నీటిలో కలిపి ఆటోక్లేవ్‌లో (ఒత్తిడిని తట్టుకునే మూసిన పాత్రలో) 200 డిగ్రీల దగ్గర ఉంచితే కార్బన్ డాట్స్ వస్తాయి. కాంతిని గ్రహించే విషయంలో మాత్రం డాట్స్‌దే కొంత పైచేయి అని ఒప్పుకోవాలి. కార్బన్ నైట్రైడ్ బ్యాండ్ గ్యాప్ (ఎలక్ట్రాన్‌ను పై స్థాయికి ఎగరేయడానికి కావలసిన కనీస శక్తి) దాదాపు 2.7 ఎలక్ట్రాన్ వోల్టులు కనుక అది 460 నానోమీటర్ల దాకానే కాంతిని బాగా గ్రహిస్తుంది, అంటే నీలి ఎల్‌ఈడీ దాటితే దానితో పెద్దగా పని జరగదు. 10 నానోమీటర్ల లోపు పరిమాణంలో ఉండే డాట్స్‌ను, తయారీలో మార్పులు చేసి, ఆకుపచ్చ కాంతికి కూడా స్పందించేలా మలచవచ్చు. పైగా అవి నీటిలో కలిసిపోతాయి కనుక కాంతి ద్రావణమంతటా చెదరకుండా ప్రసరిస్తుంది.

అయినా నా దృష్టిలో తేల్చవలసిన అంశం వేరే ఉంది: చర్య ముగిశాక ఉత్ప్రేరకాన్ని పూర్తిగా వెనక్కి తీసుకోగలమా, అసలు పని చేసింది అదేనని రుజువు చేయగలమా? ఔషధ పరిశ్రమకు నెలవైన హైదరాబాద్‌లో ఈ ప్రశ్న ప్రాధాన్యం ఎవరికీ కొత్తగా చెప్పనక్కరలేదు. నోటి ద్వారా తీసుకునే మందులో రుథీనియం గానీ ఇరిడియం గానీ రోజుకు 100 మైక్రోగ్రాములు మించరాదని మందులలో లోహ మలినాలపై అంతర్జాతీయ మార్గదర్శకమైన ఐసీహెచ్ క్యూ3డీ చెబుతుంది. ఆ లోహాల బెడద తప్పించుకోవాలని కార్బన్ వైపు వచ్చినవారు, వేరుచేయలేని కార్బన్‌ను ఉత్పన్నంలో మిగిల్చుకుంటే వచ్చే లాభం అంతంతమాత్రమే.

డాట్స్‌ను శుద్ధి చేసిన రోజు చూసినది ఇప్పటికీ కళ్ళముందే ఉంది. గోధుమరంగు ద్రావణాన్ని, చిన్న అణువులను మాత్రమే బయటికి వదిలే డయాలిసిస్ సంచిలో పోసి బీకరు నీటిలో వేలాడదీశాను. మర్నాడు అతినీలలోహిత టార్చి వేసి చూస్తే, సంచి లోపలి ద్రవం కంటే బయటి నీరే ఎక్కువ నీలంగా వెలిగింది. సిట్రిక్ ఆమ్లం, ఎమీన్ కలిసినప్పుడు పుట్టే చిన్న ఫ్లోరసెంట్ అణువులు సంచి రంధ్రాలగుండా బయటికి వచ్చేశాయన్నమాట. శుద్ధి సరిగ్గా జరగని డాట్స్‌తో చర్య నడిపితే, ఉత్ప్రేరణ చేసింది కార్బన్ కణమో, ఆ చిన్న అణువో చెప్పడం కష్టం.

కార్బన్ నైట్రైడ్‌తో ఈ సందేహం చాలావరకు తీరిపోతుంది. అది సాధారణ ద్రావణులలో కరగదు. చర్య సగంలో ఉండగా పొడిని వడకట్టి, మిగిలిన ద్రావణానికి మళ్ళీ కాంతి చూపితే మార్పు ఆగిపోతుందో లేదో ఒక్క పూటలో తెలిసిపోతుంది. సెంట్రిఫ్యూజ్‌లో దింపి, ఇథనాల్‌తో కడిగి, ఆరబెట్టి అదే పొడిని తిరిగి వాడుకోవచ్చు. కోరిన ఉత్పన్నం దగ్గరే చర్యను ఆపే విషయంలోనూ దానికొక సుగుణం ఉంది. దాని వేలెన్స్ బ్యాండ్ (ఆక్సీకరణ శక్తిని నిర్ణయించే ఎలక్ట్రాన్ స్థాయి) సుమారు +1.6 వోల్టుల దగ్గర ఉండటం వల్ల, టైటానియం డయాక్సైడ్ లాగా నీటి నుంచి, దొరికిన అణువునల్లా ఆక్సీకరించే హైడ్రాక్సిల్ రాడికల్స్‌ను విచ్చలవిడిగా పుట్టించలేదు. అందుకే ఆల్కహాల్‌ను ఆల్డిహైడ్ దగ్గర ఆపడం, ఎమీన్‌ను ఇమీన్ దగ్గర ఆపడం దానితో సులువవుతుంది.

లోపాలు లేవని కాదు. మెలమైన్ నుంచి నేరుగా చేసిన పొడికి గ్రాముకు 10 చదరపు మీటర్ల ఉపరితలం ఉంటే గొప్ప. కాంతితో పైకెగిరిన ఎలక్ట్రాన్లు, అవి వదిలిన ఖాళీలు (హోల్స్) చాలావరకు పని జరగకముందే తిరిగి కలిసిపోతాయి. ఉపరితలం పెంచడానికి సిలికా అచ్చు వాడి, తర్వాత దాన్ని హైడ్రోఫ్లోరిక్ ఆమ్లంతో కరిగించే పద్ధతి ప్రసిద్ధమే గానీ, హరిత రసాయనం పేరుతో అంత ప్రమాదకరమైన ఆమ్లాన్ని చేతికి తీసుకోవడానికి నాకు మనసొప్పదు. దిగుబడి బాగా తగ్గినా యూరియాతో చేసిన పొడినే నేను వాడతాను. తేలియాడే పొడి కాంతిని చెదరగొడుతుంది కనుక పెద్ద ఫ్లాస్కు నడిమధ్య చీకటే మిగులుతుంది; సన్నని పాత్రలు వాడటం, బాగా కలియబెట్టడం తప్పనిసరి.

మిగతా కార్బన్ పదార్థాల సంగతికొస్తే, గ్రాఫీన్ ఆక్సైడ్ తనే ఆక్సీకారిణిగా ఖర్చైపోవచ్చు, దాన్ని తయారుచేసే హమ్మర్స్ పద్ధతి వల్ల మాంగనీస్ జాడలు కూడా మిగలవచ్చు. బంతి ఆకారపు కార్బన్ అణువైన ఫుల్లరిన్, చురుకైన ఆక్సిజన్ రూపమైన సింగ్లెట్ ఆక్సిజన్‌ను అద్భుతంగా పుట్టిస్తుంది, ధర మాత్రం భారం.

నీటిలోనే జరగవలసిన చర్యకో, నీలి కాంతిని తట్టుకోలేని అణువుకో డాట్స్ తప్పవనుకుంటే, డయాలిసిస్‌లో బయటికి వచ్చిన నీటిని పారబోయకండి. దాన్ని గాఢపరచి, డాట్స్ లేకుండా, అదే చర్యలో అదే కాంతి కింద ఒకసారి నడిపి చూడండి.