‘నీళ్లు లేకున్నా వాసన రాదు’ అని అమ్మే బాత్రూమ్ జాలీలతో జాగ్రత్త

బాత్రూమ్ నేల జాలీలోంచి డ్రైనేజీ వాసన వస్తోందని విసిగిపోయి, ఆన్‌లైన్‌లో మాగ్నెట్ జాలీయో సిలికాన్ జాలీయో కొందామనుకుంటున్నారా? ఆర్డర్ పెట్టే ముందు ఇది చదవండి. నిజాంపేటలో మా ఫ్లాట్‌లోని అన్ని బాత్రూములకీ ఇవే బిగించాం. డబ్బులు పోయాయి, వాసన పోలేదు. పైగా అంతకుముందు ఉన్న అడ్డు కూడా పోయింది.

వస్తువు చూడటానికి ముచ్చటగానే ఉంటుంది. స్టీలు జాలీ, దాని కింద చిన్న గొట్టం, గొట్టం అడుగున ఒక రేకు. నీళ్లు పడితే రేకు తెరుచుకుంటుంది, ఆగిపోతే అయస్కాంతం లాగి మూసేస్తుంది. ‘ట్రాప్‌లో (వాసన పైకి రాకుండా జాలీ కింద నీళ్లు నిలిచే చోటు) నీళ్లు అవసరం లేదు, నెలల తరబడి ఇల్లు తాళం వేసినా వాసన రాదు, బొద్దింకలు రావు’ అని ప్రకటన. మనం పడిపోయేది సరిగ్గా ఆ మాటకే. వేసవిలో ఊరెళ్లేవాళ్లు, పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి ఆరు నెలలు ఉండే పెద్దవాళ్లు కోరుకునేది అదే కదా.

అసలు తిరకాసు బిగించేటప్పుడు జరుగుతుంది. మా పాత ట్రాప్‌లో గిన్నె లాంటి గుంట, అందులో బోర్లించిన ప్లాస్టిక్ కప్పు ఉండేవి. గుంటలో నిలిచిన నీళ్లలో కప్పు అంచు మునిగి ఉంటుంది. నీళ్లు కిందికి పోతాయి, గాలి మాత్రం పైకి రాలేదు. కొత్త దాని గొట్టం లోపలికి దిగాలంటే ఆ కప్పు తీసేయాలి. బిగించడానికి వచ్చినతను దాన్ని పీకేసి ‘ఇక దీంతో పనిలేదు సార్’ అంటూ చెత్తబుట్టలో పడేశాడు. ప్రకటనలోనూ అదే రాసి ఉంది కాబట్టి ఎవరం అడ్డు చెప్పలేదు. స్లాబ్ కింద వంపు ఉన్న నహానీ ట్రాప్ ఉంటే కప్పు పోయినా ఫర్వాలేదు, ఆ వంపులో నీళ్లు నిలుస్తాయి. కనీసం 50 మిల్లీమీటర్ల లోతున నిలవాలనేది ప్లంబింగ్‌లో లెక్క. మా బిల్డర్ ఆ వంపు పెట్టనే లేదు, పైపు తిన్నగా షాఫ్ట్‌లోకి దిగిపోయింది. అంటే మురుగు పైపుకీ మా బాత్రూముకీ మధ్య మిగిలింది ఆ పల్చటి రేకు ఒక్కటే.

సెలవులకు ఊరెళ్లి వచ్చి తలుపు తీస్తే హాలు దాకా కుళ్లిన కోడిగుడ్ల వాసన. జాలీ ఊడదీసి ఫోన్ టార్చ్ వేసి చూస్తే సంగతి తెలిసింది. మాది బోరు నీరు. రేకు అంచు చుట్టూ తెల్లటి ఉప్పు పేరుకుని గట్టిపడింది. దానికి రెండు వెంట్రుకలు, కొంచెం సబ్బు జిడ్డు. అయస్కాంతం లాగుతూనే ఉంది, రేకు మాత్రం పూర్తిగా మూసుకోవడం లేదు. సన్నని సందే, కానీ గాలికి అది చాలు. అతిథుల బాత్రూములో ఇంకా ఘోరం, రేకు సగం తెరుచుకునే బిగుసుకుపోయింది.

అమ్మినవాళ్లను అడిగితే వచ్చిన జవాబు చూడండి: ‘వారానికోసారి తీసి బ్రష్‌తో కడగాలి, లేకపోతే మా బాధ్యత కాదు.’ ఇంట్లో ఎవరూ లేనప్పుడు పనిచేస్తుందని అమ్మి, వారంవారం కడగమంటే ఎవరు కడగాలి, వాచ్‌మెనా? రిటర్న్ గడువు ఏడు రోజులే. ఉప్పు పేరుకోవడానికి అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది కాబట్టి గడువులోపు ఎవరికీ తేడా కనిపించదు.

వాసనే కదా అని తేలిగ్గా తీసుకోకండి. ఆ కోడిగుడ్ల కంపు హైడ్రోజన్ సల్ఫైడ్‌ది. కొద్దిగా ఉన్నా తలనొప్పి, వికారం తెప్పిస్తుంది. మోతాదు బాగా పెరిగితే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు, ప్రమాదం అక్కడే. దాంతో పాటు వచ్చే మీథేన్‌కి వాసన ఉండదు, కానీ మండుతుంది. మూసి ఉన్న ఇంట్లో ఇలాంటి కంపు వస్తే ముందు కిటికీలు తెరవండి. అగరుబత్తి వెలిగించి కంపు పోగొడదామనుకోకండి. 2003లో హాంకాంగ్‌లోని అమోయ్ గార్డెన్స్ అపార్ట్‌మెంట్లలో 300 మందికి పైగా సార్స్ అనే ఊపిరితిత్తుల వైరస్ జబ్బు సోకి 42 మంది చనిపోయారు. బాత్రూమ్ నేల ట్రాపుల్లో నీళ్లు ఎండిపోవడం, ఎగ్జాస్ట్ ఫ్యాన్ లాగడంతో పైపుల్లోని తుంపర గదుల్లోకి రావడం దానికి ముఖ్య కారణాల్లో ఒకటని అక్కడి ఆరోగ్య శాఖ విచారణలో తేలింది.

మీ ట్రాప్ బాగుందో లేదో చూడటం సులువు. జాలీ తీసి టార్చ్ వేస్తే నీళ్లు మెరవాలి. కనిపించకపోతే బాత్రూమ్ తలుపు వేసి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ ఆన్ చేసి, జాలీ మీద పల్చటి టిష్యూ ముక్క పెట్టండి. అది పైకి లేచి రెపరెపలాడితే కింది గాలి మీ ఇంట్లోకి వస్తున్నట్టే.

వాడని బాత్రూములో, బాల్కనీ జాలీలో వారానికోసారి రెండు చెంబుల నీళ్లు పోస్తే చాలు, పైసా ఖర్చు లేదు. ఎక్కువ రోజులు ఊరెళ్తుంటే నీళ్లు పోశాక పైన నాలుగైదు చెంచాల నూనె వేయండి, అది తేలుతూ నీళ్లు ఆవిరి కాకుండా ఆపుతుంది. జాలీ మీద మందపాటి ప్లాస్టిక్ కవరు పరిచి ఏదైనా బరువు పెడితే ఇంకా మంచిది. ఫినాయిల్ పోస్తే వాసన తగ్గిందంటారు చూడండి, అందులో సగం గొప్పతనం ఫినాయిల్‌తో పాటు పోసిన నీళ్లదే! యాసిడ్ మాత్రం వద్దు. పైపులోని బురదకి యాసిడ్ తగిలితే హైడ్రోజన్ సల్ఫైడ్ ఇంకా పుడుతుంది. అంతకుముందే బ్లీచింగ్ పౌడర్ వేసి ఉంటే క్లోరిన్ వస్తుంది, అది మరీ ప్రమాదం. నీళ్లు పోసిన కొద్ది గంటలకే మళ్లీ కంపు కొడితే అది ఎండిపోవడం కాదు. పై అంతస్తు ఫ్లష్ కొట్టినప్పుడు మీ ట్రాప్‌లో నీళ్లను లాగేస్తుండొచ్చు. టెర్రస్ మీద వెంట్ పైపు (మురుగు పైపులకు గాలి అందించే గొట్టం) మూసుకుపోయిందేమో అసోసియేషన్ వాళ్లతో చూపించండి.

ఈ జాలీలన్నీ దండగ అనను. కింద నీళ్లు నిలిచే ట్రాప్ ఉండి, దానిపైన అదనంగా పెట్టుకుంటే బొద్దింకలకి అడ్డుగా పనికొస్తాయి. ఇప్పటికే కొని బిగించి ఉంటే ఒకసారి ఊడదీసి కింద ఏముందో చూసుకోండి. పాత కప్పు పారేసి ఉంటే ట్రాప్ లోపలి కొలత తీసుకుని, వీలైతే పక్క బాత్రూము కప్పు ఒకటి ఊడదీసి శానిటరీ షాపుకి పట్టుకెళ్లండి. విడిగా దొరుకుతుంది. మాకు దొరికింది, ఆ జాలీ ధరలో పదో వంతు కూడా కాలేదు.