మతేరాలో రెండు రాత్రులు: గుహ గదికి రెండు స్టార్లు, గైడమ్మకు ఐదు

ముందే చెప్పేస్తున్నా. దక్షిణ ఇటలీలోని మతేరాకి తప్పకుండా వెళ్ళండి. కానీ మోకాళ్ళ నొప్పులున్న అమ్మనో నాన్ననో వెంటబెట్టుకుని వెళ్తుంటే మాత్రం, నాలాగా ఫొటోలు చూసి మురిసిపోయి గుహ గది బుక్ చేయకండి.

మాది బేతంచెర్ల. నాన్న నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు పనిచేశాడు. రాయి కనిపిస్తే చేత్తో తట్టి చూడకుండా పోలేని అలవాటు మా ఇంట్లో అందరికీ ఉంది. నేను ఇప్పుడు మిలాన్ దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. అక్టోబరులో అమ్మ నా దగ్గరికి వచ్చింది. రోమ్, వెనిస్ అందరూ చూసేవే, మనం రాయిలో తొలిచిన ఊరు చూద్దామమ్మా అన్నాను. "గుహలో ఉండాలంటే డబ్బులిచ్చి ఇంత దూరం పోవాల్నా? యాగంటి లేదా మనకు?" అంది. అయినా బయలుదేరింది.

మిలాన్ నుంచి బారీకి ఫ్లైటు, బారీ నుంచి మతేరాకి చిన్న గేజ్ రైలు. దగ్గర దగ్గర రెండు గంటలు. ఒకటి గుర్తుంచుకోండి: ఆ లైన్లో ఆదివారం రైళ్ళు ఉండకపోవచ్చు, బస్సు ఎక్కాల్సి రావచ్చు. నేను చూసుకోలేదు. తీరా ఆదివారమే దిగాం. స్టేషన్లో అరగంట టెన్షన్ పడ్డాక బస్సు ఎక్కడ ఆగుతుందో తెలిసింది. ఇందులో ఎవరినీ అనడానికి లేదు, తప్పు నాదే.

మతేరా దూరం నుంచి మామూలు ఊరే. అపార్టుమెంట్లు, బ్యాంకులు, ట్రాఫిక్ సిగ్నళ్ళు. విత్తోరియో వెనెతో అనే పెద్ద కూడలి దాకా వచ్చి, అక్కడున్న కమానుల్లోంచి కిందికి తొంగిచూస్తే గానీ అసలు ఊరు కనపడదు. గ్రవీనా అనే వాగు కోసిన లోయ అంచున, కొండ వాలంతా ఇళ్ళ మీద ఇళ్ళు. ఒకరి ఇంటి కప్పు ఇంకొకరికి వీధి. వీటిని సాస్సీ అంటారు, అంటే రాళ్ళు అని అర్థం. అటు సాస్సో బరిసానో, ఇటు సాస్సో కవెయోసో, రెండింటి మధ్య మిట్ట మీద చివిత అనే పాత కోట ఊరు. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "కందిరీగల గూడు మాదిరి ఉంది" అంది. నేను చదివిన వర్ణనల్లో ఇంత సరిగ్గా చెప్పినవాళ్ళు లేరు.

ఇక గది సంగతి. పేరు చెప్పను. బుకింగ్ పేజీలో "కూడలి నుంచి ఐదు నిమిషాల నడక" అని రాశారు. నిజమే, ఐదు నిమిషాలే. ఆ ఐదు నిమిషాల్లో 112 మెట్లు ఉంటాయని మాత్రం రాయలేదు. సాస్సీలోకి బయటి బండ్లు చాలా చోట్లకి రానివ్వరు కాబట్టి టాక్సీ పైనే వదిలేస్తుంది. రెండు సూట్‌కేసులు నేను మోశాను, అమ్మ గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ దిగింది. అరిగిన మెట్లు నున్నగా ఉంటాయి, చినుకు పడితే జారతాయి. గది చూడ్డానికి బ్రహ్మాండం. వంపు తిరిగిన రాతి కప్పు, గూళ్ళలో కొవ్వొత్తులు, తెల్లటి దుప్పట్లు. కానీ తలుపు దగ్గర తప్ప ఎక్కడా కిటికీ లేదు. తేమ లాగే మిషన్ ఒకటి రాత్రంతా గుర్రుమంటూనే ఉంది. దాన్ని ఆపితే తెల్లారేసరికి కుర్చీ మీద వేసిన అమ్మ చీర చెమ్మగిల్లిపోయింది. రిసెప్షన్‌లో చెబితే, "గుహ కదండీ, అలాగే ఉంటుంది" అన్నారు. నిజమే కావచ్చు, మరి ఆ ముక్క ముందే పేజీలో రాయొచ్చుగా. పొద్దుటి టిఫిన్ బాగుంది కాబట్టి రెండో స్టారు ఇస్తున్నాను.

ఆ చెమ్మ సంగతి మర్నాడు గైడమ్మ చెబితే గానీ పూర్తిగా అర్థం కాలేదు. ఆవిడ మతేరా అమ్మాయే. వాళ్ళ అమ్మమ్మ సాస్సీలోనే పుట్టిందట. రెండున్నర గంటల నడకకు మనిషికి ఇంతని తీసుకుంటుంది. మా గుంపులో ఆరుగురం ఉన్నాం. అమ్మ మోకాళ్ళు చూసి దారి మార్చింది, మెట్లు తక్కువున్న సందుల్లోంచి తీసుకెళ్ళింది. మొదటి స్టారు దానికే.

ఈ రాయిని ఇక్కడ టుఫో అంటారు. నిజానికి అది సున్నపురాయే, ఒకప్పటి సముద్రం అడుగున పేరుకున్నది. చేత్తో తడిమితే గవ్వల ముక్కలు తగులుతాయి. మా నాపరాయిలా గట్టిది కాదు, చేతి పనిముట్లతోనే తొలచవచ్చు. లోపల తొలిచిన రాయినే దిమ్మెలుగా కోసి ముందువైపు గోడ కట్టుకునేవాళ్ళు. అందుకే బయటి నుంచి చూస్తే ఇల్లు, లోపలికెళ్తే గుహ. మెత్తటి రాయి కాబట్టి నీళ్ళు పీల్చుకుంటుంది. అదే నీళ్ళు చెమ్మగా బయటికి వదులుతుంది. నేను డబ్బులిచ్చి రెండు రాత్రులు పడుకున్న చెమ్మలో జనం బతుకులు వెళ్ళదీశారు.

వీకో సొలితారియో అనే సందులో గుహ ఇంటిని ఒకదాన్ని మ్యూజియంగా ఉంచారు. 1956 దాకా అందులో మనుషులు కాపురమున్నారు. టికెట్ కొద్ది యూరోలే, పది నిమిషాల్లో చూసేయొచ్చు. ఒకే గది. ఎత్తైన మంచం, మొక్కజొన్న ఆకులు కుక్కిన పరుపు, మంచం కింద కోళ్ళు, వెనకాల కంచరగాడిద, పక్కనే పేడ గుంట. బల్ల మీద ఒకే ఒక్క పెద్ద పళ్ళెం, ఇంటిల్లిపాదీ అందులోంచే తినేవాళ్ళు. మాతో వచ్చిన జర్మన్ దంపతులు "అయ్యో" అనుకుంటూ ఫొటోలు తీసుకున్నారు. అమ్మ మాత్రం గాడిదను కట్టే చోటికి వెళ్ళి గాడిని చూసింది. "మా అమ్మమ్మ ఇంట్లో కూడా ఎద్దులు లోపలే కట్టేసేటోళ్ళు. రాత్రి వాటి గంటల చప్పుడుకు నిద్ర పట్టేది" అంది. నేను గైడమ్మకు తర్జుమా చేసి చెప్పాను. ఆవిడ నవ్వలేదు. వాళ్ళ అమ్మమ్మ ఈ మ్యూజియంలోకి జన్మలో అడుగు పెట్టలేదట. ఒకసారి రమ్మంటే, అక్కడ చచ్చిపోయిన మా తమ్ముళ్ళను కూడా చూపిస్తారా అని అడిగిందట.

ఆ తర్వాత ఆవిడ చెప్పింది ఇంకే బోర్డు మీదా ఇంత సూటిగా కనపడదు. 1930లలో ముస్సోలినీ ప్రభుత్వం కార్లో లేవి అనే డాక్టరును ఈ ప్రాంతానికి ప్రవాసం పంపింది. ఆయన 1945లో రాసిన పుస్తకంతో ఇక్కడి మలేరియా, పసిపిల్లల చావులు దేశమంతటికీ తెలిశాయి. 1948లో కమ్యూనిస్టు నాయకుడు తొల్యాత్తి వచ్చి ఇది జాతికే సిగ్గుచేటన్నాడు. 1950లో ప్రధాని దె గాస్పెరి వచ్చి కళ్ళారా చూశాడు. 1952లో చట్టం వచ్చింది. గుహలు ఖాళీ చేయించి 15 వేల మందికి పైగా జనాన్ని కొత్త కాలనీలకు తరలించారు. లా మర్తెల్లా, స్పినె బియాంకె, సెర్రా వెనెర్ది అన్నవి ఆ కాలనీలే. లా మర్తెల్లాను లుదొవీకో క్వరోనీ లాంటి పేరున్న ఆర్కిటెక్టులు గీశారు. రైతుల కోసం ఇంటి పక్కనే పశువులకు కొట్టం కూడా పెట్టారు. ఇళ్ళకు కిటికీలు, కుళాయిలు వచ్చాయి. పోయింది మాత్రం విచినాతో అన్నది. నాలుగైదు గుహల ముందు ఉమ్మడి వాకిలి, మధ్యలో ఒక నీళ్ళ తొట్టి, ఆడవాళ్ళంతా అక్కడే. గైడమ్మ వాళ్ళ అమ్మమ్మ కొత్త ఇంట్లో కుళాయిని మెచ్చుకునేదట, కానీ మాట్లాడ్డానికి మనిషి లేదని ఏడ్చేదట. ముంపు ఊళ్ళ నుంచి కాలనీలకు వెళ్ళినవాళ్ళు మనవైపు ఎంతమంది లేరు? నాకు శ్రీశైలం డ్యామ్ కింద పోయిన ఊళ్ళ వాళ్ళు గుర్తొచ్చారు.

ఖాళీ అయిన సాస్సీ ఏళ్ళ తరబడి పాడుబడి ఉంది. 1986లో బాగుచేయడానికి ఇంకో చట్టం, 1993లో యునెస్కో గుర్తింపు, 2019లో యూరప్ సాంస్కృతిక రాజధాని. మనుషులు ఉండకూడదని తాళాలేసిన గుహలకే ఇప్పుడు రాత్రికి వందల యూరోలు. గైడమ్మ దీని మీద వ్యాఖ్యానం చేయలేదు. నా గది రేటు అడిగి, విని, కనుబొమలు ఎగరేసింది, అంతే.

నాకు అన్నిటికంటే నచ్చింది పలొంబారో లుంగో. ఇది నిజంగా ఐదు స్టార్ల చోటు. పైన జనం కాఫీ తాగే విత్తోరియో వెనెతో కూడలి కిందే రాయిలో తొలిచిన నీళ్ళ తొట్టి అది. తొట్టి అంటే చిన్నదేం కాదు, 50 లక్షల లీటర్లు పడుతుంది. 15 మీటర్ల పైచిలుకు లోతు. ఊరికి కుళాయి నీళ్ళు వచ్చాక జనం దాన్ని మర్చిపోయారు, 1991లో మళ్ళీ బయటపడింది. ఇనుప వంతెనల మీద లోపలికి నడుస్తాం. గోడలకు సున్నంలో మట్టి పెంకుల పొడి కలిపి పూసిన ఎర్రటి గార, దాని మీద పాత నీటిమట్టం గీత ఇప్పటికీ కనిపిస్తుంది. గార మీద గోరుతో గీరి చూడబోతే టికెట్ అమ్మాయి కేకేసింది. తప్పే, కానీ మా వంశం అలాంటిది. ఊళ్ళో ఇళ్ళ కింద ఇలాంటి చిన్న తొట్లు బోలెడు. మూతి ఇరుకు, కడుపు పెద్దది, గంట ఆకారం. "జొన్నల పాతర లాగుందే" అంది అమ్మ. అచ్చం అలాగే ఉంది. మనం గింజలు దాచుకున్నాం, వీళ్ళు వాన నీళ్ళు దాచుకున్నారు.

చర్చిల గురించి క్లుప్తంగా చెబుతా. రాయిలో తొలిచినవి ఈ చుట్టుపక్కల 150కి పైగా ఉన్నాయి, అన్నీ చూడాలనుకుంటే పిచ్చెక్కుతుంది. సాంతా మరియా దె ఇద్రిస్ ఒక్కటి చూడండి, ఒంటి బండను తొలిచి గుడి చేశారు. లోపల పాత కుడ్యచిత్రాలున్నాయి, ఫొటోలు తీయనివ్వరు. పుర్గతోరియో చర్చి ముఖం నిండా పుర్రెలు, ఎముకల గూళ్ళు. అమ్మ లోపలికి రానంది. చివిత మిట్ట మీది కెథెడ్రల్ 13వ శతాబ్దం నాటిది, 52 మీటర్ల గంట గోపురం. లోపల 1534లో చెక్కిన రాతి బొమ్మల కొలువు ఉంది. ఏసు పుట్టిన పాక, గొర్రెలు, కాపరులు. అమ్మ అక్కడ నుంచి కదలనంది.

ఆ కెథెడ్రల్ దగ్గరే ఇంకో కథ నడిచింది. జాన్‌కార్లో త్రమొంతానో అనే కౌంట్, అంటే ఊరి ప్రభువు, తన అప్పులకు జనం మీద పన్నులు వేసి, ఊరి పైన కోట కట్టడం మొదలుపెట్టాడు. 1514 డిసెంబర్ 29న జనం అతన్ని చర్చి దగ్గరే చంపేశారు. కోట మూడు బురుజులతో ఇప్పటికీ అసంపూర్తిగానే ఉంది. అతన్ని చంపిన సందుకు రిస్కాత్తో వీధి అని పేరు, విముక్తి అన్నమాట. వీళ్ళకు ఈ తెగువ కొత్త కాదు. 1943 సెప్టెంబర్ 21న జర్మన్ సైన్యం మీద తిరగబడ్డ మొదటి దక్షిణాది ఊరు కూడా ఇదేనంటారు. ఏటా జులై 2న బ్రూనా మాత పండగలో నెలల తరబడి చేసిన కాగితపు గుజ్జు రథాన్ని ఊరేగించి, చివర్లో జనమే మీదపడి ముక్కలు ముక్కలుగా పీక్కుపోతారట. ముక్క దొరికితే ఇంట్లో పెట్టుకుంటారు. ఆ గొడవ చూడ్డానికి జులైలో మళ్ళీ రావాలనుంది, అమ్మ లేకుండా.

రెండో రోజు సాయంత్రం అమ్మ మెట్లకు దండం పెట్టేసింది. అప్పుడు మూడు చక్రాల బండి మాట్లాడుకున్నాం. దగ్గరికొచ్చి ఆగగానే అమ్మ గట్టిగా నవ్వింది. "ఇది మన అపే ఆటో కదరా!" అక్షరాలా అదే. పియాజ్యో కంపెనీ అపే, మన ఊళ్ళో పదిమందిని కుక్కుకుని తిరిగే బండికి అక్క. ఇటాలియన్‌లో అపె అంటే తేనెటీగ అని డ్రైవరు చెప్పాడు. ఇండియాలో ఇవి బారామతిలో తయారవుతాయని నేను చెబితే నమ్మలేదు, ఫోన్లో చూపించాల్సి వచ్చింది. లోయ అంచు రోడ్డు మీద గంటసేపు తిప్పాడు, అవతలి మూర్జ కొండలో నల్లగా కనిపించే గుహలన్నీ చూపించాడు. ఇద్దరికీ కలిపి 60 యూరోలు. ఎక్కువే. కానీ అమ్మ ఆ ట్రిప్పులో అంత హుషారుగా ఉన్నది ఆ గంటే, కాబట్టి నాలుగు స్టార్లు.

తిండికి శాకాహారులు భయపడక్కర్లేదు. ఎండు బీన్స్ మెత్తగా రుబ్బి, పక్కన ఉడికించిన చేదు ఆకుకూర పెట్టే ఫావె ఎ చికోరియా అడగండి. ఒరెక్కియెత్తె పాస్తా మాత్రం చేప ముక్క వేయొద్దని చెప్పి తీసుకోండి, చాలా చోట్ల ఆంచోవీ వేస్తారు. క్రాపియాత అని శనగలు, బీన్స్, గోధుమలు కలిపి వండే పులుసు ఉంది. గుగ్గిళ్ళలో నీళ్ళు పోసినట్టుంటుంది, నాకు నచ్చింది. పెపెరోనీ క్రూస్కి చూడగానే అమ్మ కళ్ళు మెరిశాయి. ఎర్రగా, ఎండబెట్టి, నూనెలో వేయించిన మిరపకాయలు, అచ్చం మన వడియపు మిరపకాయల్లా కరకరలాడతాయి. ఒకటి నోట్లో వేసుకుని, "కారమేదిరా?" అంది. ఉండదు, అవి తీపి రకం.

మతేరా రొట్టె మాత్రం కొనుక్కునే రండి. గోధుమ రవ్వ పిండితో, కొమ్ములాగా మడిచి చేస్తారు. పైన పెళుసు, లోపల పసుపుపచ్చ. పాతరోజుల్లో అందరి రొట్టెలూ ఊరి ఉమ్మడి పొయ్యిలోనే కాల్చేవాళ్ళట. ఎవరిది ఎవరిదో తెలియడానికి పచ్చి పిండి మీద ఇంటి పేరు అక్షరాలు చెక్కిన కొయ్య ముద్ర కొట్టేవాళ్ళు. ఆ ముద్రలు ఇప్పుడు దుకాణాల్లో అమ్ముతారు. అమ్మ కోడిపుంజు బొమ్మది ఒకటి కొంది, చపాతీ మీద కొట్టి చూస్తానంది. కిలో రొట్టె మిలాన్ తెచ్చుకున్నాం. ఆరో రోజు కూడా మెత్తగానే ఉంటే గోంగూర పచ్చడితో అవగొట్టాం.

ఇంకొక్క మాట, పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళకి. గది పైన కూడలి దగ్గర, పియానో అనే చదునైన వైపు తీసుకోండి. కిటికీ ఉంటుంది, లిఫ్ట్ కూడా ఉందేమో అడగండి. మెట్ల సంఖ్య అడిగి మరీ బుక్ చేయండి.