మన గోదావరి సుబ్బారావుల్లో పిల్లలకు ముందు ఎవరి గురించి చెప్పాలి?

భీమవరంలో పుట్టిన సుబ్బారావు మందుల పరిశోధనలో ప్రపంచానికి మేలు చేశారు. రాజమండ్రిలో పుట్టిన సుబ్బారావు దేశానికి ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఏలూరులో పుట్టిన సుబ్బారావు రిజర్వ్ బ్యాంకు గవర్నరుగా చేశారు. ఏలూరు దగ్గరే వసంతవాడలో పుట్టిన ఇంకో సుబ్బారావు ఎంకినీ నాయుడుబావనీ తెలుగువాళ్ల చేతిలో పెట్టారు. ఇంకాస్త వెనక్కి వెళ్తే కాకినాడలో ఒకరు, రాజమండ్రిలో మరొకరు కనిపిస్తారు.

ఇంతమంది ఉండటంలో వింతేమీ లేదు. బిక్కవోలు, అత్తిలి షష్ఠి తీర్థాలకు వెళ్లినవాళ్లకి సంగతి తెలుసు. పిల్లలు కలగాలని సుబ్బరాయుడికి మొక్కుకోవడం, పుట్టినవాడికి సుబ్బారావనో సుబ్రహ్మణ్యమనో, ఆడపిల్లైతే సుబ్బలక్ష్మి అనో పెట్టుకోవడం ఇక్కడ తరతరాల ఆనవాయితీ. చిక్కు వచ్చేది బళ్లో. ‘మన ప్రాంత ప్రముఖులు’ అని చార్టు రాయమంటే పిల్లలు ఇంటిపేరు వదిలేసి ఒకరి ఫోటో కింద ఇంకొకరి జీవితం రాసేస్తారు. న్యాయమూర్తి కోకా సుబ్బారావు గారి ఫోటో కింద ‘ఏటీపీ (ఒంట్లో కణాలకు శక్తినిచ్చే పదార్థం) కనుగొన్నారు’ అని రాసి ఉన్న చార్టు నేను చూశాను. పాపం, పిల్లల తప్పు కాదు. అందరినీ ఒకేసారి చెప్పేస్తే జరిగేది అదే. ముందు ఒక్కరి గురించి బాగా చెప్పి, ఆ ఒక్కరు మనసులో నిలిచాక మిగతావాళ్ల దగ్గరికి వెళ్లాలి. మరి ఆ ఒక్కరు ఎవరు?

నేను పెట్టుకున్న కొలమానం ఒక్కటే. ఆ మనిషి చేసిన పని మన పిల్లవాడికి వాడి ఇంట్లోనో బళ్లోనో కంటికి కనపడాలి. పదవి ఎంత పెద్దది, బిరుదులెన్ని అన్నది తర్వాత.

1856లో పుట్టిన ఇద్దరితో మొదలుపెడదాం. కాకినాడలో పుట్టిన తల్లాప్రగడ సుబ్బారావు దివ్యజ్ఞాన సమాజంలో గొప్ప పండితుడిగా పేరుపొందారు. భగవద్గీత మీద ప్రసంగాలు చేశారు, 1890లో చిన్నవయసులోనే పోయారు. ఆయన రాసినవి పెద్దవాళ్లకే కష్టం, పిల్లలకు వద్దు. న్యాపతి సుబ్బారావు పంతులు నెల్లూరులో పుట్టినా రాజమండ్రి మనిషిగానే బతికారు. 1878లో మద్రాసులో ‘ది హిందూ’ పత్రికను మొదలుపెట్టిన ఆరుగురు యువకుల్లో ఆయనొకరు. ఇంటికి ఇప్పటికీ ఆ పేపరు వచ్చే పిల్లలకు ఈ ఒక్క మాట చెప్పినా చాలు.

నండూరి సుబ్బారావు గారి సంగతి వేరు. ‘ఎంకి పాటలు’ తెలుగు క్లాసులోనే చెప్పాలి, పాడి వినిపించాలి. జీవిత చరిత్రగా చెబితే అందులో అందం పోతుంది. ఈయనా, మందుల పరిశోధకుడు ఎల్లాప్రగడ సుబ్బారావూ ఇద్దరూ 1895లోనే పుట్టారు, ఇద్దరూ చదువుకోసం మద్రాసు వెళ్లినవాళ్లే. ఆ సంగతి చెబితే పిల్లలకు ఇద్దరూ గుర్తుంటారు.

దువ్వూరి సుబ్బారావు గారికి నా కొలమానంలో మంచి మార్కులే పడతాయి. 2008 నుంచి 2013 దాకా అచ్చయిన పాత పది రూపాయల నోటు దొరికితే తీసి చూపించండి, సంతకం ఆయనదే. కోరుకొండ సైనిక్ స్కూలు, ఏలూరు సీఆర్ రెడ్డి కాలేజీ, ఖరగ్‌పూర్, కాన్పూర్ ఐఐటీలు, 1972లో ఐఏఎస్‌లో దేశానికి మొదటి ర్యాంకు. 2008 సెప్టెంబరు 5న గవర్నరుగా చేరిన పది రోజులకే అమెరికాలో లేమన్ బ్రదర్స్ అనే పెద్ద బ్యాంకు కూలింది. ముందు వడ్డీలు తగ్గించుకుంటూ వచ్చారు, తర్వాత ధరలు పెరిగితే 2010 మార్చి నుంచి పదమూడు సార్లు పెంచారు. 2010లో మన రాష్ట్రంలో మైక్రోఫైనాన్స్ అప్పుల గొడవ ముదిరినప్పుడు, ఆ సంస్థల తీరు పరిశీలించడానికి మాలెగాం కమిటీని వేసింది ఆయన హయాంలోని రిజర్వ్ బ్యాంకే. డిగ్రీ పిల్లలకు బ్రహ్మాండమైన పాఠం ఇది. కానీ తొమ్మిదో తరగతి వాడికి? వాడు ఇప్పటికే ర్యాంకుల టెన్షన్‌లో ఉన్నాడు. వాడి ముందు ఇంకో ఫస్ట్ ర్యాంకు పెట్టి ‘చూడు’ అనడం నాకు ఇష్టం లేదు.

ఇక మిగిలింది ఇద్దరు, కోకా సుబ్బారావు, ఎల్లాప్రగడ సుబ్బారావు. అసలు తేల్చుకోవాల్సింది ఇక్కడే.

కోకా సుబ్బారావు గారికి మనవాళ్లు ఇవ్వాల్సినంత చోటు ఇవ్వలేదని నా బాధ. 1902లో రాజమండ్రిలో పుట్టారు. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడ్డాక గుంటూరులో పెట్టిన హైకోర్టుకు మొదటి ప్రధాన న్యాయమూర్తి. 1958లో సుప్రీంకోర్టుకు వెళ్లారు, 1966లో దేశ ప్రధాన న్యాయమూర్తి అయ్యారు. ఆయన పేరు చెప్పగానే లాయర్లు గోలక్‌నాథ్ తీర్పు అంటారు. జలంధర్‌లో ఒక కుటుంబానికి అయిదొందల ఎకరాల పైచిలుకు భూమి, దాని మీద భూపరిమితి చట్టం. 1967 ఫిబ్రవరిలో పదకొండుమంది జడ్జీల్లో ఆరుగురు, పార్లమెంటు రాజ్యాంగాన్ని సవరించి కూడా ప్రాథమిక హక్కులు తగ్గించకూడదన్నారు. అందులో ముఖ్యులు కోకా. అప్పటికే అమల్లో ఉన్న భూచట్టాలను మాత్రం కదపలేదు. అయినా కౌలు రైతులు ఇంతమంది ఉన్న మన డెల్టాలో ఈ తీర్పును పూర్తిగా మెచ్చుకోమని పిల్లలకు చెప్పలేం. భూస్వాముల పక్షం అన్న విమర్శ అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. పైగా 1973లో కేశవానంద భారతి కేసులో ఆ సూత్రం పక్కకు పోయింది.

నేనైతే ఆయన్ని ఇంకో రెండు తీర్పులతో పరిచయం చేస్తాను. 1962లో ఖడక్ సింగ్ కేసు. పోలీసులు రాత్రిపూట ఇంటికొచ్చి తలుపు కొట్టి, మనిషి ఉన్నాడా లేడా అని చూసిపోయేవారు. ఆ తలుపు కొట్టడం చెల్లదని మిగతా జడ్జీలూ అన్నారు గానీ, గోప్యత అన్నది రాజ్యాంగం ఇచ్చిన హక్కు కాదన్నారు. కోకా ఒప్పుకోలేదు. అది వ్యక్తిగత స్వేచ్ఛలో భాగమేనని విడిగా రాశారు. యాభై అయిదేళ్లకి, 2017లో తొమ్మిదిమంది జడ్జీల బెంచి ఆ మాటే సరైనదని తేల్చింది. రెండోది 1967 ఏప్రిల్ 10 నాటి పాస్‌పోర్టు కేసు. అప్పటిదాకా పాస్‌పోర్టు ఇవ్వడం, మానడం అధికారుల ఇష్టం. విదేశానికి వెళ్లడం కూడా స్వేచ్ఛలో భాగమే, చట్టం లేకుండా ఆపడానికి వీల్లేదని ముగ్గురి తరఫున కోకా రాశారు, ఇద్దరు విభేదించారు. ఆ ఏడాదే పార్లమెంటు పాస్‌పోర్టుల చట్టం చేసింది. కోనసీమలో కువైట్‌కో ఖతార్‌కో వెళ్లిన అమ్మో, పిన్నో, మేనత్తో లేని వీధి ఉంటుందా? బీరువాలో చీరల మధ్య దాచిన ఆ పాస్‌పోర్టు చిన్న పుస్తకం వెనక ఒక రాజమండ్రి మనిషి తీర్పు ఉందని ఎంతమందికి తెలుసు? మర్నాడే, ఏప్రిల్ 11న, ఆయన పదవికి రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికల్లో నిలబడ్డారు, జాకిర్ హుస్సేన్ చేతిలో ఓడిపోయారు. కుర్చీలోంచి నేరుగా ఎన్నికలకు వెళ్లడం మంచిదా అన్నది క్లాసులో పిల్లల చేత వాదన పెట్టించదగ్గ విషయం.

ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పని అయితే బళ్లోకే వస్తుంది. ఆరు నుంచి పైతరగతుల పిల్లలకు వారానికోసారి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర ఉంది కదా, అందులో ఇనుముతోపాటు ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. 1945లో అమెరికాలోని లెడర్లీ మందుల కంపెనీలో దాన్ని తయారుచేసిన బృందాన్ని నడిపింది ఆయనే. ఆశా కార్యకర్త కడుపుతో ఉన్న అక్కకి ఇచ్చే మాత్రలో కూడా ఉండేది అదే. కీళ్లవాతానికి నాయనమ్మ వారానికి ఒక్కరోజు మాత్రమే వేసుకునే మెథోట్రెక్సేట్ ఆయన బృందం పనిలోంచి వచ్చిందే. అదే జాతి మందు అమినోప్టెరిన్‌తో బోస్టన్‌లో డాక్టర్ ఫార్బర్ 1947-48లో రక్తక్యాన్సర్ పిల్లలకు వైద్యం మొదలుపెట్టారు.

అన్నిటికన్నా మనకు దగ్గరది బోదకాలు మందు. డెల్టాలో కాలువలు, మురుగు కోడులు, దోమలు, బోదకాళ్లు అందరికీ తెలిసినవే. బోదకాలు మాత్రలు పంచే రోజున ఆరోగ్య సిబ్బంది గుమ్మంలోకొచ్చి, ‘అన్నం తిన్నారా? పరగడుపున వద్దు’ అని అడిగి, వయసును బట్టి పిల్లలకు ఒకటో రెండో, పెద్దలకు మూడో చేతిలో పెట్టి, ఎదురుగానే మింగించి వెళ్తారు. ఆ డీఈసీ మాత్ర హెట్రజాన్ అన్న పేరుతో మొదట బయటికొచ్చింది సుబ్బారావు నడిపిన పరిశోధనశాల నుంచే. భీమవరం కుర్రాడు అమెరికాలో చేసిన పని తిరిగొచ్చి భీమవరం గుమ్మాల్లో నిలబడింది.

ఆయన జీవితం కూడా ర్యాంకుల కథ కాదు. మెట్రిక్ మూడోసారికి గాని గట్టెక్కలేదు. మెడికల్ కాలేజీలో ఖద్దరు బట్టలతో సర్జరీ గదికి వెళ్లినందుకు ప్రొఫెసరుకు కోపమొచ్చి, ఎంబీబీఎస్ బదులు ఎల్‌ఎంఎస్ పట్టాతో సరిపెట్టుకోవాల్సి వచ్చింది. 1922లో బోస్టన్ చేరి, హాస్పిటల్లో రాత్రిపూట పనిచేసుకుంటూ చదివారు.

అయితే ఈ కథ చెప్పేటప్పుడు అతి చేయొద్దని టీచర్లకు నా మనవి. టెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ జాతిలో మొదటి మందు ఆరియోమైసిన్‌ని పట్టుకున్నది బెంజమిన్ డగ్గర్, ఆ పరిశోధన విభాగానికి పెద్ద సుబ్బారావు. ఏటీపీని 1929లో ఫిస్కే, సుబ్బారావు అమెరికాలో చూపిస్తే అదే ఏడాది జర్మనీలో లోమాన్ కూడా కనుగొన్నారు. ‘నోబెల్ ఇవ్వలేదు, అన్యాయం చేశారు’ అనే ఏడుపుతో మొదలుపెడితే పిల్లలకు అన్యాయం గుర్తుంటుంది, మాత్ర మర్చిపోతారు. ఇంకొకటి దాచకూడదు. కడుపుతో ఉన్న భార్య శేషగిరిని వదిలి వెళ్లిన మనిషి మళ్లీ ఇండియా రాలేదు. కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి చూడలేదు. 1948 ఆగస్టులో న్యూయార్క్‌లో నిద్రలోనే పోయారు. ఆడపిల్లలు ‘మరి ఆవిడ సంగతి?’ అని తప్పకుండా అడుగుతారు. అడిగితే మాట మార్చకండి.

కాబట్టి నా తీర్పు ఇది. పదో తరగతి లోపు పిల్లలకు ముందు ఎల్లాప్రగడ. ఇంటర్‌కి వెళ్లాక కోకా, అది కూడా పాస్‌పోర్టు కేసుతో మొదలుపెట్టి. బడి గోడ మీద ఒక్క ఫోటోకే చోటుంటే ఎల్లాప్రగడదే పెట్టండి, కింద ఇంటిపేరు పూర్తిగా రాయండి. ఆయన పుట్టినరోజు జనవరి 12 మనకు సంక్రాంతి సెలవుల్లో కలిసిపోతుంది. అందుకని నీలం మాత్ర ఇచ్చే వారాల్లో ఏదో ఒక రోజున, మాత్ర వేయించాక ఓ పావుగంట ఆయన గురించి చెప్పడం నయం. కోకా పుట్టినరోజు జూలై 15. అప్పటికి జూనియర్ కాలేజీల్లో క్లాసులు మొదలై ఉంటాయి, ఆ రోజే పెట్టుకోవచ్చు.