కారు కోసం పెద్ద పెన్‌డ్రైవ్ చవగ్గా వస్తోందా? టెస్ట్ చేయకుండా ఒక్క పాట కూడా ఎక్కించకండి

కారులో పాటల కోసం 256 జీబీ, 512 జీబీ పెన్‌డ్రైవ్‌లు చవగ్గా దొరుకుతున్నాయని కొనేవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న పాటలు గానీ, ఇంట్లోవాళ్ల గొంతులు గానీ అందులో పెట్టబోతున్నవాళ్లయితే మరీ ముఖ్యం. అమ్మ పాడిన పదకొండు పాటల్లో ఎనిమిది నాకు ఇలాగే పోయాయి.

నేను కొన్నది 256 జీబీ అని రాసి ఉన్న డ్రైవ్. ల్యాప్‌టాప్‌కి పెడితే 238 జీబీ చూపించింది. అది మామూలే, తయారీదారులు లెక్కేసే జీబీకి, విండోస్ లెక్కేసే జీబీకి ఎప్పుడూ ఆ తేడా ఉంటుంది. ల్యాప్‌టాప్‌లో జాగా లేక, ఏళ్లుగా పోగేసిన దాదాపు 90 జీబీ పాటల్ని కాపీ చేయకుండా కట్ చేసి పేస్ట్ చేశాను. అమ్మ పాటల ఫోల్డర్ అన్నిటికన్నా చివర్లో వెళ్లింది. ఎక్కాయో లేదో చూద్దామని వెంటనే అందులో ఒక పాట పెట్టాను. అమ్మ గొంతు చక్కగా వినిపించింది. దాంతో నిశ్చింతగా డ్రైవ్ తీసి కారులో పెట్టాను.

మొదటి వారం ఏ ఇబ్బందీ లేదు. తర్వాత ఒకరోజు ఒక పాట చరణం మధ్యలో టక్కున ఆగి, అర సెకను గరగరమని, అక్కడి నుంచి వేరే పాట మొదలైంది. తెర మీద మాత్రం మొదటి పాట పేరే ఉంది, టైమ్ కూడా నడుస్తూనే ఉంది. ఆ తర్వాత ఫోల్డర్లకి ఫోల్డర్లు ‘అన్‌సపోర్టెడ్ ఫైల్’ అని దాటుకుంటూ పోయాయి.

అందరిలాగే నేనూ స్టీరియోనే అనుమానించాను. అలా అనుమానించడానికి తగ్గ కారణాలున్నాయి కూడా. చాలా స్టీరియోలు ఫ్యాట్32 అనే పద్ధతిలో ఫార్మాట్ చేసిన డ్రైవ్‌లు తప్ప, ఎన్‌టీఎఫ్‌ఎస్, ఎక్స్‌ఫ్యాట్ పద్ధతుల్లో చేసినవి చదవవు. ఫైల్ పేరు చివర ఎం4ఏ అని ఒకేలా ఉన్నా, లోపల ఆడియో ఏఏసీ రకంలో ఉంటే పాడి, ఏఎల్‌ఏసీ రకంలో ఉంటే పాడనివి ఉన్నాయి. ఇన్ని ఫోల్డర్లు, ఇన్ని ఫైళ్లు దాటితే చూపించనివీ ఉన్నాయి, ఆ సంఖ్య మాన్యువల్‌లో ఉంటుంది. అమ్మినవాళ్లు కూడా ‘మీ స్టీరియోకి పెద్ద డ్రైవ్ పడదు’ అన్నారు. నమ్మాను. ఫైళ్లన్నీ మార్చి చూసుకుంటూ మూడు వారాలు గడిపాను. ఆలోపు రిటర్న్ గడువు అయిపోయింది.

అసలు సంగతి ఏమిటంటే, ఆ డ్రైవ్‌లో నిజంగా ఉన్న మెమరీ 32 జీబీ. లోపలి కంట్రోలర్ చిప్‌లో సాఫ్ట్‌వేర్ మార్చి, అడిగిన కంప్యూటర్‌కల్లా 256 అని చెప్పేలా చేశారు. నిజమైన జాగా నిండిపోయాక కూడా అది ‘రాసేశాను’ అనే చెబుతుంది. రాసింది గాల్లో కలిసిపోతుంది, లేదా ముందు రాసినదాని మీదే పడుతుంది. నా కారులో ఒక పాటలోంచి ఇంకో పాట వచ్చింది అందుకే. కాపీ చేసేటప్పుడు కంప్యూటర్‌కి ఒక్క ఎర్రర్ కూడా రాదు. పేర్లు, సైజులు చూస్తే అన్నీ ఉన్నట్టే కనిపిస్తాయి.

మరి వెంటనే పెట్టినప్పుడు అమ్మ పాట ఎలా వినిపించింది? అది నాకు అన్నిటికన్నా ఆలస్యంగా అర్థమైంది. ఇప్పుడే కాపీ చేసిన ఫైల్ కంప్యూటర్ ర్యామ్‌లో, అంటే తాత్కాలిక మెమరీలో, కొంతసేపు ఉంటుంది. నేను విన్నది డ్రైవ్‌లోంచి కాదు, ర్యామ్‌లోంచి. డ్రైవ్‌ని తీసి, మళ్లీ పెట్టి విని ఉంటే అప్పుడే తెలిసిపోయేది. ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌ఎస్‌డీ, అంటే చెరిపిన డేటాని త్వరగా పూర్తిగా తుడిచేసే రకం డిస్క్ కాబట్టి, చెరిగిపోయినవి రికవరీ సాఫ్ట్‌వేర్‌కి కూడా దొరకలేదు. అమ్మ పాటల్లో మూడు ఎప్పుడో అక్కకి పంపాను కాబట్టి అవి మిగిలాయి. క్యాసెట్ టేప్ అప్పటికే జీర్ణమైపోయింది.

కాబట్టి కొత్త డ్రైవ్ చేతికి రాగానే, ఖాళీగా ఉండగానే పరీక్షించండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, లైనక్స్‌లో, మ్యాక్‌లో ఎఫ్3 ఉన్నాయి, రెండూ ఉచితం. డ్రైవ్ మొత్తాన్నీ తమకు తెలిసిన డేటాతో నింపి, తిరిగి చదివి పోల్చి చూస్తాయి. ఓపిక కావాలి. సెకనుకి 10 ఎంబీ రాసే డ్రైవ్‌ని 256 జీబీ నింపడానికే ఏడు గంటలు పడుతుంది. రాత్రి పెట్టి పడుకోండి, కానీ రిటర్న్ గడువులోపే చేయండి. తేడా వస్తే ఆ రిజల్ట్ తెర ఫోటో తీసి పెట్టుకోండి, అమ్మినవాళ్లతో మాట్లాడటానికి అదే ఆధారం.

అసలు కారుకి అంత పెద్దది ఎందుకు అని ఇప్పుడు అనిపిస్తోంది. 320 కేబీపీఎస్ నాణ్యతలో ఉన్న ఎంపీ3 నిమిషానికి 2.4 ఎంబీ. ఐదు నిమిషాల పాట 12 ఎంబీ అనుకున్నా 32 జీబీలో రెండున్నర వేల పాటలు పడతాయి. పైగా 32 జీబీ వరకు విండోస్‌లోనే మామూలుగా ఫ్యాట్32 ఫార్మాట్ చేసుకోవచ్చు, దాన్ని చదవని స్టీరియో అరుదు. ఎండలో గంటలు గంటలు వేడెక్కే కారులో ఉండే డ్రైవ్‌లో ఎప్పుడూ నకలే ఉండాలి, అసలు ఇంట్లో ఉండాలి. కట్ చేసి పేస్ట్ చేయొద్దు.

ఇప్పటికే మీ కారులో ఇలా పాటలు ఆగుతున్న డ్రైవ్ ఉంటే దాన్ని ఫార్మాట్ చేయకండి, అందులో కొత్తగా ఏమీ వేయకండి, పైన చెప్పిన టెస్ట్ కూడా అప్పుడే వద్దు. ముందు కంప్యూటర్‌కి పెట్టి, చదవగలిగిన ప్రతి ఫైల్‌నీ బయటికి తీసుకుని, ఒక్కొక్కటీ చివరిదాకా వినండి.